ఏడేళ్ల వాడకం తర్వాత నా మాక్రో లెన్స్: పక్కనున్న ఆ చిన్న మీట గురించి

చిన్న చిన్న వాటిని అతి దగ్గరగా తీసే ఈ లెన్స్ కొన్న మొదటి నెలలో కనిపించినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాను: ఇక ట్రైపాడ్‌తో పనిలేదు. ఏడేళ్లు గడిచాయి. ట్రైపాడ్ ఇప్పటికీ బయటికి తీయడం లేదు కాబట్టి ఆ మాట తప్పలేదు. అయితే ఆ ఘనత అంతా చేతి వణుకును సరిదిద్దే, లెన్స్‌లోని స్టెబిలైజేషన్‌దేనని అప్పట్లో గట్టిగా నమ్మాను. ఇప్పుడు సరిచేసుకోవాల్సింది ఆ నమ్మకాన్నే.

సుమారు 100 మి.మీ., ఎఫ్ 2.8 ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది), 1:1. మిగతా వివరాలు అందరికీ తెలిసినవే. పదును గురించి ఫిర్యాదు లేదు. నేను చెప్పదలచుకున్నదంతా లెన్స్ పక్కన ఉండే స్టెబిలైజేషన్ మీట చుట్టూనే తిరుగుతుంది.

ముందు మెచ్చుకోలు. షట్టర్ బటన్ సగం నొక్కగానే లెన్స్ లోపల చిన్న చప్పుడు అవుతుంది. అంతవరకు వ్యూఫైండర్‌లో ఊగిసలాడుతున్న బొమ్మ ఒక్కసారిగా కుదురుకుంటుంది. గోరంత పువ్వును దగ్గరగా చూసేటప్పుడు ఆ కుదురు ఇచ్చే ఆనందం ఇంతా అంతా కాదు. చెట్ల నీడలో, ఫ్లాష్ లేకుండా, సెకనులో 60వ వంతు వేగంతో నాచు మీద లేచిన సన్నటి కాడలను, పుట్టగొడుగుల అడుగున ఉండే మడతలను ఉత్త చేతులతోనే తీశాను. ఆ ఫొటోలు నాకు నేటికీ ఇష్టం. వాటి విషయంలో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను.

పురుగుల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారింది. 1:1 అంటే అసలు జీవి ఎంత ఉందో సెన్సర్ మీద దాని బొమ్మ కూడా అంతే పడుతుంది. 36 మి.మీ. వెడల్పున్న సెన్సర్‌లో పట్టేది 36 మి.మీ. వెడల్పున్న దృశ్యమే. అంత దగ్గరలో ఎఫ్ 11 పెట్టినా స్పష్టంగా కనిపించే లోతు సుమారు 1.3 మి.మీ. దాటదు. ఎపర్చర్‌ను ఇంకా మూద్దామంటే, ఆ దగ్గరితనంలో ఎఫ్ 11 అనుకున్నది అప్పటికే దాదాపు ఎఫ్ 22లా పనిచేస్తూ ఉంటుంది. అంతకు మించి మూస్తే వివర్తనం (సన్నటి రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల పదును కరిగిపోతుంది. ఇక ఊపిరి తీసినప్పుడల్లా మన ఛాతీ కదిలే దూరమే ఆ 1.3 మి.మీ. కన్నా ఎక్కువ.

ఇక్కడే స్టెబిలైజేషన్ చేతులెత్తేస్తుంది. కెమెరా పైకీ కిందికీ వంగడాన్ని, పక్కలకు తిరగడాన్ని అది సరిదిద్దుతుంది. మెరుగైన రకాలు నిలువుగా, అడ్డంగా జరగడాన్ని కూడా పట్టుకుంటాయి. మనిషి ముందుకూ వెనక్కూ ఊగడాన్ని మాత్రం అది సరిదిద్దదు. కెమెరాల్లో వచ్చే, 5 రకాల కదలికలను సరిదిద్దే 5 అక్షాల ఏర్పాటులోనూ ఈ ఊపు లెక్కలోకి రాదు. దూకే సాలీడు కళ్లకు పెట్టిన ఫోకస్ దాని వీపు మీదికి జారిపోయేది ఆ ఊపు వల్లే.

తయారీదారులు ఈ పరిమితిని దాచలేదన్నదీ నిజం. మాక్రో లెన్సుల్లో ఈ సదుపాయం 2006లో నికాన్ 105 మి.మీ. లెన్స్‌తో మొదలైంది. 2009లో కెనాన్ తన 100 మి.మీ. లెన్స్‌లో కోణపు కదలికనూ పక్కకు జరిగే కదలికనూ కలిపి సరిదిద్దే పద్ధతి తెచ్చినప్పుడు, మామూలు దూరాల్లో 4 స్టాపులు, 1:1 దగ్గర సుమారు 2 స్టాపుల మేలు అని తానే ప్రకటించింది (ఒక్కో స్టాపుకు షట్టర్‌ను రెట్టింపు సేపు తెరిచి ఉంచవచ్చు). నా లెన్స్ ఆ రెండూ కాదు, తర్వాత వచ్చిన మరో సంస్థది. దాని పెట్టె మీద పెద్ద అంకె చూసి మురిసిపోయాను. ఆ అంకె ఏ దూరానికి వర్తిస్తుందో అడగాలని అప్పుడు తట్టలేదు.

అయిదో ఏట ఆ స్టెబిలైజేషన్ పాడైంది. తెల్లవారుజామున మంచు బిందువులు కప్పుకుని గడ్డిపోచకు వేలాడుతున్న తూనీగ ముందు మోకాళ్ల మీద ఉన్నాను. ఒళ్లు వెచ్చబడేదాకా అది ఎగరదు. చాలినంత సమయం ఉంది, వెలుతురు బాగుంది. బటన్ సగం నొక్కితే వ్యూఫైండర్‌లో బొమ్మ ఒక పక్కకు ఎగిరిపడి వణకడం మొదలుపెట్టింది. తీసిన ప్రతి ఫొటోలోనూ కుడి అంచు అలుక్కుపోయింది. బ్యాటరీ మార్చాను, లెన్స్ విప్పి మళ్లీ బిగించాను. ఫలితం లేదు. మీట ఆపేస్తే మాత్రం ఫొటోలు శుభ్రంగా వచ్చాయి. ఆ కాస్త సంగతి తేలేలోపు తూనీగ రెక్కలు అదిలించి వెళ్లిపోయింది. ఆ ఉదయం పడ్డ బాధ ఇంకా మరిచిపోలేదు.

లోపలి భాగం మార్చాలని, అది రావడానికి నెలలు పడుతుందని సర్వీసు కేంద్రంలో చెప్పారు. అంతవరకు మీట ఆపి వాడుకొమ్మని లెన్స్ తిరిగి ఇచ్చారు. మొదటి వారం నరకం. వ్యూఫైండర్‌లో లోకమంతా ఊగుతుంటే కళ్లు తిరిగేవి. కావలసిన చోట పురుగు కన్నును నిలపడమే గగనమైంది.

ఆ ఇబ్బందిలోంచే ఎడమ చేతి పద్ధతి అలవాటైంది. ఇది నేను కనిపెట్టిందేమీ కాదు, మాక్రో తీసేవాళ్లలో చాలామందికి తెలిసిందే. స్టెబిలైజేషన్ పనిచేస్తున్నంత కాలం దాని అవసరం నాకు కనిపించలేదు, అంతే. పురుగు వాలిన కాడను కాస్త కిందుగా ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకోవాలి. మిగిలిన వేళ్ల మీదా మణికట్టు మీదా లెన్స్ ముందు భాగాన్ని ఆనించాలి. ఫోకస్‌ను 1:1 దగ్గర కదలకుండా ఉంచి, లెన్స్‌ను చేతి మీద వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ కన్ను స్పష్టంగా కనిపించిన క్షణంలో నొక్కాలి. గాలి వీస్తే కాడా, చెయ్యీ, లెన్సూ కలిసే ఊగుతాయి. రెండింటి మధ్య దూరం దాదాపు మారదు.

ఆ నెలల్లోనే నిద్రపోతున్న ఒంటరి తేనెటీగలను తీశాను. గూడు లేని మగ తేనెటీగలు కొన్ని రాత్రిపూట ఎండుకాడను దవడలతో కరిచిపట్టి అలాగే నిద్రపోతాయి. చలి వదిలేదాకా కదలవు. అలాంటి ఒకదాని కాడను మెల్లగా పట్టుకుని వరుసగా తీస్తే, కంటి మీది సన్నటి వెంట్రుకలు, మీసాల మీది నీటి చుక్కలు విడివిడిగా కనిపించాయి. స్టెబిలైజేషన్ పనిచేసిన అయిదేళ్లలో తేనెటీగ ముఖం అంత స్పష్టంగా నాకు ఒక్కసారీ రాలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసుకుంటూ చాలాసేపు కూర్చుండిపోయాను. (కదలకుండా ఉంటాయని పురుగులను ఫ్రిజ్‌లో పెట్టి తీసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక గంట ముందు లేస్తే చాలు.)

ఫ్లాష్ పాత్ర కూడా అప్పుడే అర్థమైంది. చిన్న ఫ్లాష్‌ను 32వ వంతు శక్తితో వెలిగిస్తే ఆ మెరుపు ఉండేది సెకనులో సుమారు 10,000వ వంతు. ఎఫ్ 11, సెకనులో 200వ వంతు పెడితే నీడపట్టున చుట్టూ ఉన్న వెలుతురు ఫొటోలో అంతగా పడదు. వణుకును ఆపే పని ఆ మెరుపే చేస్తుంది. దాని ముందు మెరుపును మెత్తబరిచే మంచి డిఫ్యూజర్ లేకపోతే పెంకుపురుగు వీపు మీద తెల్లటి మచ్చలు పడతాయి. ఆ తెల్లటి పలుచటి ప్లాస్టిక్ రేకు మీద నాకిప్పుడు లెన్స్ మీద ఉన్నంత ప్రేమ ఉంది.

లెన్స్ బాగై వచ్చాక మీట మళ్లీ వేశాను, వేసే ఉంచుతున్నాను. నేను ఇన్నాళ్లూ పోగొట్టుకున్నది వ్యూఫైండర్‌లోని ప్రశాంతతనని అప్పుడు తెలిసింది. బొమ్మ నిలిచి ఉంటే కన్నును ఎక్కడ పెట్టాలో, మీసం అంచు తెగకుండా ఎలా పట్టాలో ఆలోచించడానికి తీరిక దొరుకుతుంది. పదునులో మాత్రం, ఫ్లాష్‌తో 1:1 దగ్గర తీసిన పాత ఫొటోలనూ కొత్తవాటినీ పక్కపక్కన పెడితే ఏది మీట వేసి తీసిందో ఏది ఆపి తీసిందో నేనే చెప్పలేకపోతున్నాను.

కొనమంటానా? పువ్వులు, నాచు, ఆకుల ఈనెలు ఉన్న వెలుతురులోనే తీసేవారికి తప్పకుండా కొనమంటాను. పురుగుల కోసమే అయితే నా సలహా అంత గట్టిది కాదు. నాకు మోకాళ్లు వంగుతాయి, తడి నేల మీద పడుకోగలను, తెల్లవారుజాములు నా చేతిలో ఉన్నాయి. పట్టుకున్న కాడ మీద పురుగు నిలిచే వేళలు అవే. మధ్యాహ్నాలు మాత్రమే దొరికేవారికి, చేతులు ఎక్కువగా వణికేవారికి నా అనుభవం సరిపోకపోవచ్చు. స్టెబిలైజేషన్ లేని పాత మాక్రో లెన్స్ ఇప్పటికే ఉంటే, దాన్ని మార్చేముందు ఒక ఫ్లాష్, ఒక డిఫ్యూజర్ తీసుకుని కొన్ని ఉదయాలు ప్రయత్నించి చూడమంటాను. నా లెన్స్ మళ్లీ పాడైతే బాగుచేయించాలా వద్దా అన్నది నేనింకా తేల్చుకోలేదు.