ఐదు రూపాయల భోజనం, ఇంట్లో రెండు పార్టీలు: అన్న క్యాంటీన్‌లో ఎనిమిది నెలలు తిన్నాక

ముందు భోజనం సంగతి రాస్తాను. గొడవ సంగతి తర్వాత.

మాది గుంటూరు జిల్లాలో ఒక మున్సిపాలిటీ ఊరు. ఎమ్మార్వో ఆఫీసు పక్క సందులో నాకు జిరాక్స్ షాపు ఉంది. అక్కణ్ణుంచి అన్న క్యాంటీన్‌కి నాలుగు నిమిషాల నడక. ఇంటికెళ్లి తినొస్తే గంటన్నర బేరం పోతుంది. రోజూ హోటల్లో మీల్స్ తింటే నెలాఖరుకి షాపు కరెంటు బిల్లు దాటిపోతుంది. అందుకని ఎనిమిది నెలలుగా వారానికి నాలుగు రోజులు మధ్యాహ్నం అక్కడే తింటున్నాను. ఒక్క పూట రుచి చూసి రాస్తున్న మాటలు కావివి.

పన్నెండున్నరకి వడ్డన మొదలవుతుంది, మూడింటిదాకా ఉంటుంది. ఐదు రూపాయలిచ్చి టోకెన్ తీసుకోవాలి. చిల్లర ఉంటే లైను చకచకా కదులుతుంది కాబట్టి నేను గల్లాపెట్టెలోంచి ఐదు రూపాయల బిళ్ల ముందే తీసి పక్కన పెట్టుకుంటాను. వంట అక్కడ చెయ్యరు. హరేకృష్ణ సంస్థ వాళ్ల పెద్ద వంటశాలలో వండి పెద్ద పెద్ద స్టీలు డబ్బాల్లో బండి మీద తెస్తారు. మూత తీయగానే ఆవిరి ముఖానికి కొడుతుంది. అంత దూరం నుంచి వచ్చినా అన్నం వేడిగానే ఉంటుంది, మెతుకు విడివిడిగా ఉంటుంది. కూర, పప్పో సాంబారో, పచ్చడి, పెరుగు. ఇంతే.

పప్పుకి నేను పదికి ఎనిమిది మార్కులు వేస్తాను. దోసకాయ పప్పు చేసిన రోజు తొమ్మిది. కూరల్లో దొండకాయ బాగుంటుంది. సొరకాయ నాకు ఇంట్లోనే ఇష్టం ఉండదు కాబట్టి దాని మీద తీర్పు చెప్పను. ఉల్లి, వెల్లుల్లి ఘాటు నా నాలుకకి ఎప్పుడూ తగల్లేదు. కారం కూడా మా గుంటూరు వాళ్లకి తక్కువే. మొదటి వారం చప్పగా అనిపించింది. ఇప్పుడు పచ్చడి కొద్దిగా కూరలో కలుపుకుంటున్నాను, సరిపోతోంది. మధ్యాహ్నం కడుపు మంట లేకుండా షాపులో కూర్చోగలుగుతున్నాను, అదీ నిజమే.

నా పక్కన తరచూ ఒక సెంట్రింగ్ పని అబ్బాయి నిలబడతాడు. గోళ్ల చుట్టూ సిమెంటు తెల్లగా పట్టేసి ఉంటుంది, ఎంత కడిగినా పోదు. ప్లేటు పెట్టుకోగానే అన్నాన్ని వేలితో మూడు భాగాలు చేస్తాడు. ఒకటి పప్పుకో సాంబారుకో, పెద్దది కూరకి, ఆఖరుది పెరుగుకి. పెరుగు భాగంలోకి ముందే పచ్చడి చుక్క ఒకటి అంచున దాచుకుంటాడు. తిన్నాక ఆగి, ఒక్క క్షణం ఆలోచించి, మళ్లీ లైన్లోకి వెళ్లి ఇంకో టోకెన్ తీసుకుంటాడు. నాకు ఒక ప్లేటుతో కడుపు నిండుతుంది. పొద్దున్నుంచి ఇనుము మోసినవాడికి రెండు కావాలి. రెండు కలిపినా పది రూపాయలు. ఆ డబ్బుకి మా సందులో టీ కూడా రాదు.

ఈ క్యాంటీన్‌లో టిఫిన్ నేను తక్కువసార్లే తిన్నాను. ఇడ్లీ మెత్తగా ఉంటుంది. పూరీ ఉన్న రోజు తొందరగా వెళ్లాలి, చల్లారితే దాని రుచి పోతుంది. రాత్రి భోజనం ఇక్కడ ఎప్పుడూ తినలేదు కాబట్టి రాయను.

మూడు పూటలా తింటే మనిషి ఇచ్చేది పదిహేను రూపాయలు. క్యాంటీన్లు మళ్లీ తెరిచినప్పుడు ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం అయ్యే ఖర్చు 90. మిగతా 75 ప్రభుత్వానిది, చందాలు ఇచ్చేవాళ్లది. ఆ 75 గురించి మాట్లాడే హక్కు అందరికీ ఉంది. నాకు అభ్యంతరం ఆ మాట దగ్గర కాదు. తినకుండానే రుచి చెప్పేవాళ్ల దగ్గర.

మా నాన్న 1983 నుంచి సైకిల్ గుర్తు. రెండు రూపాయల కిలో బియ్యం రోజులు చూసిన మనిషి. రామారావు గారి పేరు పెట్టిన క్యాంటీన్ అంటే ఆయనకి గుడితో సమానం. మా మరిది ఫ్యాన్ గుర్తు. పాదయాత్రలో జగన్ గారి వెనక మూడు రోజులు నడిచాడు. 2018 జులైలో విజయవాడ విద్యాధరపురంలో మొదటి క్యాంటీన్ తెరిచినప్పుడు నాన్న అన్న మాట నాకు గుర్తుంది: "అమ్మాయ్, ఇలాంటి భోజనం దేశంలో ఎక్కడా లేదు." అప్పటికి ఆయన తినలేదు. మరిది అన్న మాటా గుర్తుంది: "అదంతా బిల్డింగుల కాంట్రాక్టుల కోసం వదినా, కూడు కోసం కాదు." అతనూ తినలేదు.

ఆ ఏడాది చివర్లో మా అత్తయ్య ప్రభుత్వాసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నారు. పక్కన ఉన్నది నేను. ఆదివారం తప్ప రోజూ మూడు పూటలా నేను తిన్నది ఆసుపత్రి దగ్గరి క్యాంటీన్‌లోనే. 2019 ఆగస్టులో రాష్ట్రమంతా మూసేశారు. నిర్మాణంలో అవినీతి జరిగిందని ఆనాటి ప్రభుత్వం చెప్పిన కారణం. జరిగి ఉంటే విచారణ పెట్టి, వంట మాత్రం ఆపకుండా ఉండాల్సింది అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. కొన్ని ఊళ్లలో ఆ భవనాలు సచివాలయాలయ్యాయి. కొన్నిచోట్ల టీడీపీ వాళ్లే సొంత ఖర్చుతో టెంట్లు వేసి పెట్టారు. ఐదేళ్ల తర్వాత 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ మొదలైంది, మర్నాడు మిగతా ఊళ్లలో తెరిచారు. ఈసారి నాన్న, మరిది మాటలు మళ్లీ అవే. ఒక్క అక్షరం మారలేదు.

నాకు బాధ కలిగించిన విషయం ఇంకొకటి ఉంది, అది నాది. 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ అని 9,260 బండ్లు మొదలుపెట్టారు. పెట్రోలు దండగ, డ్రైవర్ల జీతాలు దండగ అని నేను షాపులో వచ్చిన ప్రతి మనిషితోనూ వాదించాను. మా నాయనమ్మకి ఎనభై దాటాయి, మోకాళ్లు పనిచెయ్యవు. ఆమె బియ్యం ఎలా తెచ్చుకుంటోందో నేను ఒక్కసారి అడగలేదు. 2025 జూన్ 1 నుంచి బండ్లు ఆపేసి మళ్లీ డిపోల్లో ఇస్తున్నారు. 65 ఏళ్లు దాటినవాళ్లకి, దివ్యాంగులకి మాత్రం ఇంటికే తెచ్చివ్వాలన్నారు. మరిది ఫోన్ చేసి "చూశావా వదినా, మంచి పథకం తీసేశారు" అన్నాడు. నాన్న "మంచి పని చేశారు" అన్నారు. ఆ రోజు సాయంత్రం వెళ్లి నాయనమ్మని అడిగాను. ఆమె చెప్పింది ఇది: "బండి వచ్చినప్పుడు వీధి చివరిదాకా వెళ్లాలి, అది కష్టమే. కానీ ఆ బండి పిల్లాడు సంచి మోసుకొచ్చి గుమ్మం లోపల పెట్టేవాడు. ఇప్పుడు ఇంటికే తెస్తారంట, చూద్దాం." మంచీ చెడూ రెండూ ఆమెకి తెలుసు. నేను నాలుగేళ్లు వాదించి కూడా అందులో ఒక్కటీ తెలుసుకోలేదు. ఎందుకంటే బండి మీద ఎవరి బొమ్మ ఉందో నేను చూశాను, సంచి ఎవరు మోశారో చూడలేదు.

జిరాక్స్ షాపులో కూర్చుంటే ఈ సంగతి కళ్లముందే ఉంటుంది. అవే ఆధార్ కార్డులు, అవే బ్యాంకు పాస్‌బుక్కులు, అవే తల్లులు. అప్పుడు అమ్మ ఒడికి తీయించుకున్నారు, ఇప్పుడు తల్లికి వందనానికి తీయించుకుంటున్నారు. రైతు భరోసా పోయి అన్నదాత సుఖీభవ వచ్చింది. పెన్షన్ కానుక ఎన్టీఆర్ భరోసా అయింది. ఆరోగ్యశ్రీ పేరైతే ఎన్నిసార్లు అటూ ఇటూ అయిందో, కార్డు పట్టుకుని వచ్చిన పెద్దాయనలు ఇది చెల్లుతుందా అమ్మా అని భయంగా అడుగుతారు. వాళ్లలో పథకం గురించి పార్టీ మాట మాట్లాడినవాళ్లు తక్కువ. "డబ్బులు పడ్డాయా లేదా" అంటారు. పార్టీ మాట మాట్లాడేది ఎక్కువగా జిరాక్సు అవసరం లేకుండా బల్ల మీద కూర్చునేవాళ్లు.

రెండు ఎన్నికల అంకెలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూశాను. 2019లో 175కి 23 సీట్లే వచ్చి ఓడిన టీడీపీకి పడిన ఓట్లు 39 శాతం చిల్లర. 2024లో 11 సీట్లకి పడిపోయిన వైఎస్సార్సీపీకి వచ్చినవీ 39 శాతం చిల్లరే. సీట్లు ఎంత తిరగబడినా ఓడిన వైపు నూటికి దాదాపు నలభై మంది నిలబడే ఉన్నారు. వాళ్లందరూ నాలాంటి, మా మరిదిలాంటి మనుషులే. ఏ ప్రభుత్వం ఏ పథకం తెచ్చినా అంతమంది దాన్ని చూడకముందే కాదనడానికి సిద్ధంగా ఉంటే, బాగున్నదాన్ని బాగుందని చెప్పేవాళ్లు ఎవరు? బాగోలేనిదాన్ని సరిచెయ్యమని సొంత పార్టీని అడిగేవాళ్లు ఎవరు?

పక్క రాష్ట్రాల్లో వేరేగా జరిగింది. చెన్నైలో 2013లో జయలలిత గారు అమ్మ ఉణవగం పెట్టారు. రూపాయికి ఇడ్లీ. 2021లో డీఎంకే గెలిచిన రోజుల్లో ఆ పార్టీ వాళ్లే ఇద్దరు ఒక క్యాంటీన్ బోర్డులు పీకేస్తే, స్టాలిన్ గారు వాళ్ల మీద చర్య తీసుకోమన్నారు. క్యాంటీన్లు అమ్మ పేరుతోనే కొనసాగాయి. హైదరాబాద్‌లో 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనం మధ్యలో ప్రభుత్వాలు మారినా ఆగలేదు. 2025లో ఇందిరమ్మ క్యాంటీన్లని పేరు మార్చారు, దాని మీద గొడవ జరిగింది, కానీ గరిటె ఆగలేదు. నాకు కావాల్సింది అదే.

రంగుల సంగతి కూడా రాయాలి. 2020లో పంచాయతీ ఆఫీసులకి వేసిన పార్టీ రంగులు తీసేయమని హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఆ రోజు నాన్న వీధిలో అందరికీ చెప్పుకుని సంతోషించారు. ఇప్పుడు క్యాంటీన్ గోడల మీద పసుపు చూపించి మరిది నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదు. అతను అడిగింది న్యాయమే. తెల్ల సున్నం వేసి, లోపల ధర, వేళలు, ఆ రోజు కూర రాసిన బోర్డు ఒకటి పెడితే చాలు.

ఇక నేను ఈ క్యాంటీన్‌కి ఒక స్టార్ తగ్గించే కారణం ఆదివారం. ఆదివారం సెలవు. మా ఆఫీసులకీ సెలవే కాబట్టి నాకు ఇబ్బంది లేదు. కానీ ఆ పన్నెండు రోజులు నేను ఆసుపత్రి వరండాలో పడుకున్నాను కాబట్టి తెలుసు, పేషెంటుకి ఆదివారం ఉండదు, పక్కన కూర్చున్నవాళ్లకీ ఉండదు. కనీసం ఆసుపత్రుల దగ్గర ఉన్నవైనా ఏడు రోజులూ తెరవాలి. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆదివారం తెరిచిన రోజు వచ్చి ఐదు చేస్తాను.

పోయిన నెల మరిదిని పట్టుబట్టి భోజనానికి తీసుకెళ్లాను. టోకెన్ నేనే కొన్నాను. నిలబడి తిన్నాడు, ప్లేటులో మెతుకు మిగల్చలేదు. చెయ్యి కడుక్కుంటూ "పప్పు బాగుంది వదినా. కానీ మూసేసింది తప్పని మాత్రం నాతో అనిపించలేవు" అన్నాడు. అనిపించడానికి తీసుకెళ్లలేదని చెప్పాను.

ఆ వారమే ఆదివారం కూడా తెరవాలని ఒక అర్జీ టైపు చేసి షాపు బల్ల మీద పెట్టాను. జిరాక్సుకి వచ్చినవాళ్లు చదివి సంతకాలు పెడుతున్నారు, వేలిముద్రలు కూడా ఉన్నాయి. నాన్న మొదటి సంతకం పెట్టారు. మరిది కాగితం రెండుసార్లు చదివి, "అన్న అనే మాట తీసేసి ఉత్త క్యాంటీన్ అని రాస్తే పెడతా" అన్నాడు. నాన్నకి చెబితే ఆ మాట తీస్తే తన సంతకం కొట్టేయమన్నారు. ఎవరినీ బతిమాలలేదు. రెండో కాగితం ఉత్త క్యాంటీన్ అని ప్రింటు తీశాను. దాని మీద ఇప్పటికి పదిహేడు సంతకాలు, మొదటిదాని మీద నలభై మూడు. రెండూ కలిపి పిన్ను కొట్టి ఉంచాను. సోమవారం అర్జీలు తీసుకునే చోట ఇస్తాను. దాన్ని మొన్నటిదాకా స్పందన అనేవాళ్లు.