ఉజుమాకి, లాక్ అండ్ కీ: నెత్తుటి బొమ్మలూ, ముగింపు లెక్కలూ

ముగింపులు కూడా చెప్పేస్తున్నాను. చదవనివాళ్లు ఇక్కడే ఆగండి.

హారర్ కామిక్స్‌లో నెత్తురు ఎక్కువైందని తిట్టేవాళ్లు మా ఒడిశా రాయగడలోనూ ఉన్నారు, పర్లాకిమిడిలోనూ ఉన్నారు. అదే ఊళ్లలో బేతాళ కథల్ని తెలుగు చందమామలోనో, ఒడియా జహ్నమామూలోనో చదివి పెరిగారు. శవాన్ని భుజాన వేసుకున్న రాజు బొమ్మ చూసి ఎవరూ పుస్తకం మూసెయ్యలేదు. ఎందుకంటే బేతాళుడికి ఒక షరతుంది. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. జుంజి ఇతో జపనీస్ కామిక్ 'ఉజుమాకి'నీ, జో హిల్ రాసి గాబ్రియేల్ రోడ్రిగెజ్ బొమ్మలు గీసిన అమెరికన్ కామిక్ 'లాక్ అండ్ కీ'నీ ఏళ్ల తరబడి తిరగేశాక నేను చూసేదీ అదే. దెయ్యం షరతు మధ్యలో మారిందంటే, ఎన్ని పేగులు బయటపెట్టినా భయం పుట్టదు.

ఒక ఊరిని సుడి ఆకారం శాపంలా పట్టుకునే కథ ఉజుమాకి. జపాన్‌లో 1998-99లో ధారావాహికగా వచ్చింది. ఇంగ్లిష్‌లో విజ్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు 2013లో మూడు భాగాలూ కలిపి వేసిన గట్టి అట్ట పుస్తకమే కొనండి. కుడి నుంచి ఎడమకి చదవాలి. ఫోన్‌లో ఒక్కో గడీ విడిగా చూపించే పద్ధతిలో చదివితే సగం పోయినట్టే. ఇతో చాలాచోట్ల ఎడమ పేజీ అడుగున ఒక మొహం దగ్గర ఆపుతాడు. ఆ మొహం దేన్ని చూసి బిగుసుకుందో కాగితం తిప్పాకే తెలుస్తుంది. నాయిక స్నేహితుడైన షుయిచి తండ్రి చెక్క తొట్టెలో చుట్టలా చుట్టుకుపోయిన బొమ్మకి నెత్తురుతో పనే లేదు. తర్వాత తల్లి తన వేళ్ల కొసలు కోసుకుంటుంది, వేలిముద్రల్లో సుడులున్నాయి మరి. చెవి లోపలా ఒక సుడి ఉందని తెలిశాక ఆమె చేసేది చూడ్డం కష్టమే, కానీ షరతు దాటలేదు. దోమల అధ్యాయం, దాని వెనకే వచ్చే ఆస్పత్రి అధ్యాయం అలా కాదు. గర్భిణులు చేతి డ్రిల్లులు పట్టుకుని మనుషుల రక్తానికి తిరుగుతారు. నెత్తురు ఎక్కువా అక్కడే, భయం తక్కువా అక్కడే, ఎందుకంటే ఆ దాహానికీ సుడికీ ముడి వదులు. కడుపుతో ఉన్నవాళ్లకి ఆ రెండు అధ్యాయాలూ వద్దు.

చివరి భాగం ఒకే కథగా సాగుతుంది. కారణం చెప్పరు, విడిపించేవాడు రాడు. ఊరు కూలుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ సుడి. ఇది ఎగవేత అనేవాళ్లున్నారు. నాకైతే అదే సరైన ముగింపు, మొదటి పేజీ నుంచీ శాపం తిరుగుతూనే ఉంది కదా. అయితే ఆ తర్వాత 'గెలాక్సీలు' అని ఒక విడి అధ్యాయం అంటించారు. వెంటనే చదివితే ముగింపు బరువంతా దిగిపోతుంది, కొన్నాళ్లు ఆగి చదవండి.

లాక్ అండ్ కీ 2008 నుంచి 2013 దాకా వచ్చింది, ఆరు సంపుటాలు. టైలర్, బోడీ అనే అన్నదమ్ముల తండ్రి హత్యతో మొదలవుతుంది, ఆరో సంపుటంలో గుహలో కుర్రాళ్ల ఊచకోత దాకా పోతుంది. ఉజుమాకి కన్నా ఇదే చేదు, చచ్చేవాళ్లందరూ అప్పటికి మనకు బాగా తెలిసినవాళ్లు. ముగింపు మాత్రం లెక్క ప్రకారం తేలుతుంది. కథలోని మాయ తాళంచెవులు ఏ ఇనుముతో పోతపోశారో ఐదో సంపుటం చెబుతుంది, ఆ ఇనుముతోనే టైలర్ ఆఖరి తాళంచెవి చేస్తాడు. బోడీ పిచ్చుక ఒంట్లోంచి మనిషిగా తిరిగి రావడం కాస్త చవగ్గా అనిపించినా, మనిషిని జంతువుగా మార్చే తాళంచెవి పని నాలుగో సంపుటంలోనే చూపించారు. తప్పు పట్టలేం.

బలవంతపు ముగింపు ఎలా ఉంటుందో అమెరికాలో 1954 కామిక్స్ కోడ్, అంటే ప్రచురణకర్తలు తమకి తామే పెట్టుకున్న కట్టుబాట్లు, చూపించింది. మంచే గెలవాలంది, రక్తపిశాచాలూ నడిచే శవాలూ అసలు కనబడకూడదంది. నాకు అంతకన్నా చిరాకు తెప్పించే ముగింపు ఇంకోటుంది. ఊరంతా కలిసి ఒక ముసలామెను చంపుతారు, చివరి పేజీలో ఆమె నిజంగానే మంత్రగత్తె అని తేలుస్తారు. చిల్లంగి (చేతబడి) పెట్టిందని మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు వచ్చే జిల్లాలు మావి. ఒడిశా ప్రభుత్వం 2013లో దానికి విడిగా చట్టమే చేసింది. అలాంటి పుస్తకంలో నాకు గొడ్డలి బొమ్మ కన్నా ఆ చివరి గడే రోత. పిల్లలకి మాత్రం అస్సలు ఇవ్వను.

ఇక పుస్తకాల సంగతి. లాక్ అండ్ కీ కాగితం నున్నన. మా వానాకాలం తేమకి పేజీలు అతుక్కుంటాయి, లాగితే రంగు పొర ఊడొస్తుంది. మధ్యమధ్య తెల్ల కాగితాలు పెట్టి ఫ్యాను కింద ఆరనివ్వాలి. ఎండలో పెడితే అట్ట వంకర తిరుగుతుంది. ఉజుమాకి లావు పుస్తకం, కొత్తలో నడిమికి విరిచి తెరిస్తే వీపు పగులుతుంది. ముందు నుంచి కొన్ని, వెనక నుంచి కొన్ని పేజీలు నొక్కుకుంటూ మధ్యకి రండి. రెండు పేజీల మీదుగా పరిచిన బొమ్మల్లో నడుమ కొంత కుట్టులోకి పోతుంది, దానికి మందు లేదు. లాక్ అండ్ కీ పాత సెట్టు దొరికితే ఐదో సంపుటం ఉందో లేదో ముందు చూసుకోండి. అది లేకపోతే ఆరోది చేతిలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.