‘24’లో ఆత్రేయ: పోయిన ఏళ్లు తిరిగి కావాలన్న విలన్

సూర్య ‘24’ని 2016 మేలో థియేటర్లో చూసినవాళ్లకి వానచినుకులు గాల్లో ఆగిపోయే సీనూ, రెహమాన్ పాటలూ గుర్తుండి ఉంటాయి. మొన్న ఆదివారం ఇంట్లో మళ్లీ పెట్టుకున్నాం. నేను కర్నూల్లో ఫిజియోథెరపిస్టుని. రోజంతా మంచాలు, వాకర్లు, వీల్‌చైర్ల మధ్యే పని. అందుకేనేమో ఈసారి హీరో మణిని పెద్దగా పట్టించుకోలేదు, చూపంతా వీల్‌చైర్లో ఉన్న ఆత్రేయ మీదే. ఈ రివ్యూ కూడా అతని గురించే. కథ తెలియనివాళ్లు ముందు సినిమా చూసి రండి, మలుపులు దాచిపెట్టి రాయడం నా వల్ల కాదు.

1990లో సేతురామన్ అనే సైంటిస్టు కాలంలో వెనక్కి తీసుకెళ్లే వాచీ తయారుచేస్తాడు. దాన్ని కాజేయడానికి కవల అన్న ఆత్రేయ దిగుతాడు. తమ్ముడి భార్యని చంపుతాడు, తమ్ముణ్ణీ చంపుతాడు, వాచీ మాత్రం దొరకదు. ఆ గొడవలోనే తనూ కోమాలోకి పోతాడు. లేచేసరికి 26 ఏళ్లు గడిచిపోయాయి, కాళ్లు పనిచేయవు. ఈలోగా తమ్ముడి కొడుకు మణి వాచ్ మెకానిక్ అయ్యాడు. ముగ్గురూ సూర్యే.

ముందు నా పేచీ చెప్పేస్తాను. అన్నేళ్లు కదలకుండా పడుకుంటే కండలు కరిగిపోతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి. వీపు పుండు పడకుండా ఉండటానికే రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పుతూ ఉండాలి. కొన్ని వారాలు మంచం పట్టినవాళ్లని కూర్చోబెడితేనే కళ్లు తిరుగుతాయి. ఆత్రేయ మాత్రం లేచీ లేవగానే ఎత్తులు వేస్తుంటాడు. సరే, వెనక్కి తిరిగే వాచీనే నమ్మాం, ఇదెంత!

కానీ పోయిన ఆ 26 ఏళ్లు తిరిగి కావాలన్న అతని కోరిక మాత్రం నిజంగా నమ్మేలా ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లు మొదట ‘ఎప్పుడు నడుస్తాను’ అని అడుగుతారనుకుంటాం. నా దగ్గర చాలామంది తలుచుకునేది వేరే. ‘ఆ పొద్దున బీపీ మాత్ర వేసుకుని ఉంటే?’ ‘తిమ్మిరిలే అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి వచ్చి ఉంటే?’ కాలు కన్నా ముందు ఆ పొద్దు వెనక్కి రావాలి వాళ్లకి. ఆత్రేయకి కావాల్సిందీ అదే, కాకపోతే అందుకోసం ఎవరి ప్రాణమైనా తీస్తాడు. ప్రపంచాన్ని ఏలేస్తానని అరిచే విలన్‌ని చూస్తే నాకు భయమేయదు. దొరికాక ఆ ప్రపంచాన్ని వాడేం చేసుకుంటాడో రాసినవాళ్లకే తెలియదు.

సైన్స్ ఫిక్షన్ విలన్‌కి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది: కథలోంచి ఆ యంత్రాన్ని తీసేస్తే వీడికి ఇంకా పనుంటుందా? ‘ఆదిత్య 369’ అంటే నాకు ప్రాణం. అయినా అందులో అమ్రీష్ పురి వజ్రం కొట్టేసే దొంగ. మ్యూజియంలో దొంగతనానికి టైమ్ మెషీన్ అక్కర్లేదు, ఆయన్ని తీసుకెళ్లి ఏ స్మగ్లింగ్ సినిమాలో కూర్చోబెట్టినా సరిపోతాడు. ఆత్రేయకి ఆ వాచీ తప్ప వేరే దారి లేదు.

దర్శకుడు విక్రమ్ కె. కుమార్ ఇంకో మంచి పని చేశాడు. వాచీకున్న పరిమితిని విలన్ మెడకీ చుట్టాడు. ఆత్రేయ మణిని చంపి వాచీ పెట్టుకుంటాడు. తిప్పుతాడు. 24 గంటలకి మించి వెనక్కి పోదు! 26 ఏళ్లు కావాల్సినవాడి చేతికి ఒక్క రోజు వచ్చింది. దాన్ని మార్చగలిగినవాడు ఒక్కడే, వాణ్ణేమో ఇప్పుడే చంపేశాడు. చేసేదిలేక అదే వాచీతో వెనక్కి వెళ్లి, మణిని బతికించుకుని, ‘నేనే నీ కన్నతండ్రిని’ అని నాటకం మొదలుపెడతాడు. ముఖం ఎలాగూ తమ్ముడిదే. తండ్రిని ఎరగని కుర్రాడు కరిగిపోతుంటే నాకు వచ్చిన టెన్షన్ తుపాకులు పేలిన సీన్లలో కూడా రాలేదు. సూర్య అక్కడ నడుం పైభాగంతోనే నెట్టుకురావాలి. మణికి తండ్రి కనపడాలి, మనకి హంతకుడు కనపడాలి. రెండూ కనపడ్డాయి. ఈ సినిమా కెమెరాకీ, ప్రొడక్షన్ డిజైన్‌కీ జాతీయ అవార్డులు వచ్చాయి. నటనకీ ఒకటి వచ్చుంటే నేను కాదనేదాన్ని కాదు.

కోమాకి ముందున్న ఆత్రేయ మాత్రం డొల్ల. తమ్ముడి మీద అంత కక్ష ఎందుకో, చిన్నప్పుడు ఏం జరిగిందో ఒక్క ముక్క చెప్పరు. వచ్చాడు, చంపాడు, అంతే. (మనకి ఆత్రేయ అంటే మనసుకవి. ఆ పేరుతో ఇంత దుర్మార్గుణ్ణి పిలుస్తుంటే నాకు తేడాగానే ఉంటుంది.) పైగా సత్య (సమంత)తో మణి ప్రేమకథ నడిచినంతసేపూ విలన్ ఉన్నాడన్న సంగతే మర్చిపోతాం. అనుచరుడు మిత్రన్‌గా అజయ్ ఉన్నంతలో బాగానే చేశాడు.

అయినా ‘కల్కి 2898 ఏడీ’ చూశాక ఆత్రేయ మీద నాకు గౌరవం పెరిగింది. కమల్ హాసన్ అంతటి నటుణ్ణి విలన్ సుప్రీమ్ యాస్కిన్‌గా పెట్టుకుని, ఎండిపోయిన ఒంటితో కాసేపు చూపించి ఊరుకున్నారు. చివర్లో గాండీవం ఎత్తినప్పుడు ఒళ్లు జలదరించిన మాట నిజమే, కానీ అప్పటికి జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. అసలు సంగతేదో రెండో భాగంలో చూసుకోవాలి.

‘24’కి 5కి 3.25. ఆత్రేయకి విడిగా 4, కోసిన మార్కు 1990 నాటి ఆత్రేయ ఖాతాలోది. సినిమా రెండున్నర గంటలు దాటుతుంది, టైమ్ లేనివాళ్లు మణి, సత్యల ప్రేమ ముచ్చట్లు ఫార్వర్డ్ చేసుకోవచ్చు. మొదట్లో వచ్చే రైలు సీను మాత్రం వదలొద్దు, చివర్లో దాంతో పనుంది.