మేడమీది కంప్యూటర్‌కు పవర్‌లైనా, వైఫైయా?

గుంటూరులో మా ఇల్లు 1988లో కట్టింది. రూటరు కింద హాల్లో, నా కంప్యూటర్ మేడమీద వెనక గదిలో. మధ్యలో ఒక స్లాబు, రెండు తొమ్మిదంగుళాల గోడలు. నాది పన్ను రిటర్నుల పని. ప్రతి నెలా 20వ తేదీ జీఎస్‌టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్‌టీ రిటర్నుకు గడువు. ఆ సాయంత్రం నెట్ పోయిందంటే ఫోనులో ఖాతాదారుల గొంతు మారిపోతుంది. హాల్లోంచి నేరుగా కేబుల్ లాగించవచ్చు కదా అనవచ్చు. “ఏమండీ, మొన్ననేగా రంగులు వేయించాం, మళ్లీ గోడలకు కన్నాలా?” అని మా ఆవిడ ఆ దారి మూసేసింది.

మొదట కొన్నది 899 రూపాయల యూఎస్‌బీ వైఫై అడాప్టర్. బొటనవేలి గోరంత ఉంటుంది. కంప్యూటర్ వెనక గుచ్చితే 100 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో 14 వచ్చింది, అదీ పావుగంట నిలవలేదు. వస్తువునే తిట్టుకున్నాను గానీ తప్పు నేను పెట్టిన చోటుది. ఇనుప డబ్బా వెనక, గోడకు ఆనుకుని ఉన్నదానికి రూటరు ఎలా అందుతుంది? పైగా అది యూఎస్‌బీ 3 పోర్టు. పక్క పోర్టులో హార్డ్ డిస్క్ నడుస్తుంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని చెడగొట్టే రొద పుడుతుంది. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ వైరు తగిలించి, అడాప్టర్‌ను బీరువా మీదికి చేర్చాను. 38కి పెరిగింది. ఇంకా వేగమైన 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఆశపడ్డాను గానీ అది మా స్లాబు దాటి పైకి రాలేదు.

సంక్రాంతికి లండన్ నుంచి వచ్చిన మా బావమరిది తను వాడి పక్కన పడేసిన పవర్‌లైన్ అడాప్టర్ల జత తెచ్చాడు, ఇంటి కరెంటు తీగల మీదుగా నెట్ పంపేవి. కరెంటు అక్కడా ఇక్కడా 230 వోల్టులే, 50 హెర్ట్జే. పిన్నులే వేరు కాబట్టి రెండు కన్వర్టర్లు కొన్నాను. ఒకటి రూటరు పక్క సాకెట్లో, ఒకటి నా గదిలో. గోడలోని కరెంటు తీగే నెట్ కేబుల్ పని చేస్తుంది. రెండు నిమిషాల్లోపు రెండింటి మీటలూ నొక్కితే అవి జత కలవాలి.

కలవలేదు. ఎర్ర దీపం. మర్నాడు ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే మీటరు బోర్డు తెరిచి చూసి, “మీది త్రీ ఫేజ్ సార్. హాలు ఒక ఫేజు మీద, పై వాటా ఇంకో ఫేజు మీద ఉన్నాయి” అన్నాడు. అంటే రెండు చోట్లకూ కరెంటు వేరువేరు తీగల్లో వస్తోంది. లోడు చూసుకుని నా గది తీగను హాలు ఫేజులోకి మార్చాడు. పది నిమిషాల పని, 200 రూపాయలు. ఆకుపచ్చ దీపం వెలిగింది, వేగం 64. పెట్టె మీద 600 అని అచ్చు వేశారు. దాని నెట్ పోర్టు చూస్తే 100కు మించి పంపలేనిది! ఆ అంకెను నమ్మి కొనకండి.

నన్ను గెలుచుకున్నది వేగం కాదు, నిలకడ. వైఫైలో రూటరు నుంచి జవాబు ఒకసారి 5 మిల్లీసెకన్లలో వస్తే, మరుక్షణం 200 దాటేది. పవర్‌లైన్‌లో రోజంతా నాలుగు నుంచి ఏడు మధ్యే. అయితే దానికీ పేచీలున్నాయి. కింద మిక్సీ తిరిగితే 64 కాస్తా 25కు పడుతుంది. పచ్చడి నూరే వేళకు నేను పెద్ద ఫైళ్లు ఎక్కించను. స్పైక్ బస్టర్‌లో పెడితే అందులోని ఫిల్టరు సంకేతాన్ని మింగేస్తుంది, నేరుగా గోడ సాకెట్లోనే పెట్టాలి. ఇంకో విచిత్రం, నాన్నగారి పాత రేడియో నా గదిలో షార్ట్‌వేవ్ మీద గరగరమంటోంది. ఈ పరికరాలు పనిచేసేది దాదాపు ఆ తరంగాల మీదే మరి. మీడియం వేవ్ కేంద్రాలకు ఏమీ కాలేదు.

అసలు పరీక్ష కరెంటు పోయినప్పుడు వచ్చింది. హాలు సాకెట్ ఇన్వర్టర్ మీద ఉంది, రూటరుకు ఢోకా లేదు. మేడమీద ఇన్వర్టర్ లైటుకూ ఫ్యానుకే. కంప్యూటర్ యూపీఎస్ మీద బతికే ఉంది గానీ గోడ సాకెట్లోని పవర్‌లైన్ చచ్చింది. యూపీఎస్‌లో గుచ్చి చూశాను, అక్కడా ఎర్ర దీపమే. కరెంటు పోగానే యూపీఎస్‌కు గోడ తీగతో సంబంధం తెగిపోతుంది మరి.

అందుకే బీరువా మీది 899 రూపాయల అడాప్టర్‌ను తీసెయ్యలేదు. రెండూ తగిలించి ఉంటే కంప్యూటర్ పవర్‌లైన్‌నే వాడుకుంటుంది, అది పోగానే వైఫైకి మారుతుంది. పోయిన 20న సాయంత్రం ఏడింటికి కరెంటు పోయింది. చేతిలో ఇంకా మూడు రిటర్నులు. యూపీఎస్ కూతపెడుతుండగా, 38 వేగంతోనే మూడూ దాఖలు చేసి కిందికి దిగాను.