జీతం పెరిగాక మా గోదావరి లంకలో ఆశా సేవలు: కొన్నేళ్లు చూశాక నా మాట

ప్రభుత్వం జీతాలు పెంచితే జనానికేం ఒరుగుతుందని అడిగేవాళ్లకు మా ఊరి ఆశా కార్యకర్తను చూపిస్తాను. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఆశాల గౌరవ వేతనం నెలకు 3,000 నుంచి 10,000 అయింది. అంతకుముందు ఆమె కూలికి వెళ్లొచ్చి, పొద్దు మిగిలితే ఇళ్లు తిరిగేది. ఆ తర్వాత కూలి మానేసింది. మా అమ్మకు బీపీ, షుగరు. నెల తిరిగేసరికి మాత్రలు ఇంటికొస్తున్నాయి.

2022 జులై వరద మాత్రం మర్చిపోలేను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కాజ్‌వే మునిగిపోయింది, వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. అమ్మ మాత్రలు అయిపోవచ్చాయి, మందుల షాపు అవతలి గట్టున. టెన్షన్ పడుతుంటే నాటు పడవలో ఆశా కార్యకర్తే వచ్చింది. మాత్రలు రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి తెచ్చింది. అమ్మకు చదువు రాదని ఒక పొట్లం మీద సూర్యుణ్ణి, ఇంకోదాని మీద చంద్రుణ్ణి పెన్నుతో గీసింది. “మామ్మగారూ, షుగరు మాత్ర ఖాళీ కడుపున వేసుకోకండి, అన్నం లేకపోతే ఈ బిస్కెట్లన్నా తినండి” అని చేతిలో పెట్టి పక్కింటికెళ్లింది.

ఇప్పుడూ వస్తుంది. కానీ సర్వేల పని పెరిగి, ఉన్న కాసేపూ ఫోన్‌లో వివరాలు ఎక్కించడమే సరిపోతోంది. 2025 మార్చిలో గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవు, 62 ఏళ్ల దాకా సర్వీసు ప్రకటించారు. మంచిదే. కానీ ఇన్నేళ్ల ధరలకు ఆ 10,000 ఏ మూలకు?

పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) సంగతి వేరు. 2022 పీఆర్సీలో, అంటే ప్రభుత్వ ఉద్యోగుల వేతన సవరణలో, 23 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద పెంపు) ఇచ్చినప్పుడు అక్కడి నర్సమ్మ, అంతకుముందు 43 శాతం ఇచ్చారని గుర్తుచేసుకుని బాధపడింది. అయినా పర్మనెంట్ ఉద్యోగం, ఉండిపోయింది. కాంట్రాక్టు మీదున్న ల్యాబ్ కుర్రాడు జీతం నెలనెలా చేతికి రాక ప్రైవేటు ల్యాబ్‌లో చేరాడు. మనిషి నిలవాలంటే ఎంత ఇచ్చారన్నదే కాదు, ఒకటో తారీఖున ఇచ్చారా అన్నదీ చూడాలి. అతను వెళ్లాక పరీక్షల గదికి తాళమే.

ఆశా ఇల్లు మాకు నాలుగిళ్ల అవతలే. లంక చివర పాకల్లో ఉండేవాళ్లు ఇంత మెచ్చుకుంటారో లేదో. మాత్రలకు, బీపీ చూపించుకోవడానికి మేం ఆమె మీదే ఆధారపడతాం. రక్త పరీక్షకు మాత్రం, ఆ పోస్టులోకి ఎవరైనా వచ్చేదాకా, అమ్మను అమలాపురం తీసుకెళ్లక తప్పదు.