బోడీలో ఒక పగలంతా: నాన్న, పిల్లలు, పాతకాలం మిల్లు

కాలిఫోర్నియాలో ఉంటూ, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు గోల్డెన్ గేట్, లాస్ వేగాస్, లివర్‌మోర్ గుడి తిప్పి పంపించేవాళ్ళకి నాదొక మాట. ఒక్కసారి సియెరా కొండలు దాటి అవతలి వైపున్న బోడీకి తీసుకెళ్ళండి. పోయిన జూన్ చివర్లో మేం ఐదుగురం వెళ్ళాం: నేను, మా ఆయన, పదకొండేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, మా నాన్న. పిల్లలకోసమని పెట్టుకున్న ట్రిప్ ఇది. తీరా వెళ్ళాక అది నాన్న ట్రిప్ అయిపోయింది.

బోడీ ఒకప్పటి బంగారు గనుల ఊరు, ఇప్పుడు మనిషి లేని ఊరు. 1962 నుంచి స్టేట్ హిస్టారిక్ పార్క్‌గా చూసుకుంటున్నారు. 1859లో డబ్ల్యూ. ఎస్. బోడీ అనే ఆయన ఆ చుట్టుపక్కల బంగారం కనిపెట్టి, ఆ చలికాలమే మంచు తుఫానులో చిక్కుకుని చనిపోయాడు, ఊరు పెరగడం చూడనే లేదు. 1876లో స్టాండర్డ్ కంపెనీకి మంచి ఖనిజం తగిలాక జనం ఎగబడ్డారు. 1880 ప్రాంతానికి పదివేలకి దగ్గరగా ఉండేవారట, రెండువేల దాకా కట్టడాలు. తర్వాత బంగారం తగ్గింది, మనుషులు తగ్గారు, 1932లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊరు చాలావరకు కాలిపోయింది. ఒక చిన్న పిల్లాడు అగ్గిపుల్లలతో ఆడుకోవడం వల్లే అని చెబుతారు. ఇప్పుడు నిలబడి ఉన్నది ఆ ఊళ్ళో పదోవంతు కూడా కాదు, అయినా తిరిగి చూడాలంటే సగం రోజు చాలదు.

మేం ఫ్రీమాంట్ నుంచి శుక్రవారం తెల్లారకముందే బయల్దేరి యోసెమిటీ మీదుగా టయోగా పాస్ దాటి వెళ్ళాం. ఆ రోడ్డు చలికాలమంతా మూసేస్తారు, తెరిచేసరికి ఒక్కోసారి జూన్ కూడా దాటుతుంది, అందుకని బుకింగ్‌లు చేసుకునేముందు రోడ్డు తెరిచారో లేదో చూసుకోండి. ఆ రాత్రి 395 హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం. పేరు చెప్పను కానీ అక్కడ పడ్డ ఇబ్బంది మాత్రం చెప్పాలి. గదిలో ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటాయని చూసి తీసుకున్నాం, తీరా చూస్తే ఫ్రిజ్ పనిచేయట్లేదు. రిసెప్షన్ తొమ్మిదింటికే మూసేశారు, అక్కడ అంటించిన నంబరుకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పొద్దున్న ఇద్దరు స్నానం చేసేసరికి వేడినీళ్ళు అయిపోయాయి, డెబ్భై దాటిన నాన్న ఆ చలిలో చన్నీళ్ళు పోసుకున్నారు. ఆయన ఒక్క మాట అనలేదు, నాకే చాలా బాధేసింది. పెద్దవాళ్ళతో వెళ్తే డబ్బు ఇంకొంచెం ఎక్కువైనా సరే మామత్ లేక్స్‌లో వంటగది ఉన్న కాండో తీసుకోండి. రెండో రాత్రి మేం అదే చేశాం, బియ్యం, చింతకాయ పచ్చడి పట్టుకెళ్ళాం కాబట్టి రాత్రి వేడివేడి అన్నం తిన్నాం. బోడీకి దగ్గరగా ఉండాలంటే బ్రిడ్జ్‌పోర్ట్ ఉంది, చిన్న ఊరు, గదులు తక్కువ, వేసవిలో ముందే నిండిపోతాయి.

శనివారం ఎనిమిదింటికి కదిలాం. లీ వైనింగ్‌లో ట్యాంక్ నింపుకున్నాం, ఎందుకంటే బోడీలో పెట్రోలు లేదు, తిండి దొరకదు, ఫోన్ సిగ్నల్ రాదు. 395 మీద ఉత్తరంగా వెళ్తే కాన్వే సమ్మిట్ దగ్గర ఆగే చోటు ఉంది, అక్కడినుంచి మోనో సరస్సు మొత్తం పళ్ళెంలా కనిపిస్తుంది. తర్వాత కుడివైపు 270 రోడ్డు, పదమూడు మైళ్ళు. చివరి మూడు మైళ్ళు మట్టిరోడ్డు, అదీ గీతలు గీతలుగా గతుకులు. మామూలు కారు వెళ్తుంది, మాది మామూలు కారే, కానీ మెల్లగా పోవాలి. వెనక సీట్లో నాన్న, "మన రామకుప్పం రోడ్డు మేలమ్మా" అన్నారు.

తొమ్మిదింటికి గేటు తెరిచే సమయానికి చేరాం. టికెట్ పెద్దలకి 8 డాలర్లు, పిల్లలకి 5. కార్ పార్కింగ్ దగ్గర టాయిలెట్లు ఉన్నాయి, శుభ్రంగా ఉన్నాయి, పిల్లల్ని అక్కడే తీసుకెళ్ళి లోపలికి నడవండి, మళ్ళీ వెనక్కి రావాలంటే దూరం. రెండు మూడు డాలర్లకి చిన్న పుస్తకం అమ్ముతారు, ఒక్కో ఇంటికి నంబరు, ఆ ఇంట్లో ఎవరుండేవారో అందులో ఉంటుంది. అది తప్పకుండా కొనండి. అది లేకుండా తిరిగితే అన్నీ ఒకేలాంటి పాత చెక్క ఇళ్ళలా కనిపిస్తాయి.

ఎత్తు 8,375 అడుగులు, అంటే తిరుమలకంటే రెండున్నర రెట్లు పైనే. నాన్నకి మొదటి అరగంటలో కాస్త తలనొప్పి వచ్చింది, ఒక బల్ల మీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించాక తగ్గింది. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు ఉండాల్సిందే. నీడ అనేదే లేదు, చెట్టన్నది కనపడదు, చుట్టూ బూడిదరంగు సేజ్‌బ్రష్ పొదలే, ఎండెక్కేకొద్దీ వాటి ఘాటువాసన.

ఈ ఊరిని వాళ్ళు బాగుచేసి కొత్తగా నిలబెట్టలేదు. పడిపోకుండా మాత్రం ఆపుతున్నారు, కప్పుకి చిల్లు పడితే మూస్తారు, అద్దం పగిలితే వేస్తారు, అంతే. లోపల సామాను ఎక్కడిదక్కడే. కొన్ని ఇళ్ళలోకి వెళ్ళొచ్చు, చాలావాటిని కిటికీలోంచి చూడాలి. ఒక ఇంటి కిటికీకి ముఖం ఆనించి చూశాం. ఇనప మంచం, దాని స్ప్రింగులు ఒకవైపు కుంగి ఉన్నాయి. గోడకి అంటించిన పూలకాగితం పైనుంచి ఊడి పెద్ద నాలుకలా వేలాడుతోంది. బల్ల మీద మగ్గు, దాని పక్కన బోర్లించిన గిన్నె, రెండిటి మీదా ఒకే మందాన దుమ్ము. "అమ్మా, వీళ్ళు తిని వెళ్ళారా, తినకుండా వెళ్ళారా?" అని బాబు అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు. బడి దగ్గర డెస్కులు, గ్లోబు, నల్లబల్ల అన్నీ అలాగే ఉన్నాయి, పాప అక్కడినుంచి ఎంతసేపటికీ కదల్లేదు. బూన్ దుకాణంలో అరల నిండా డబ్బాలు, బయట తుప్పుపట్టిన పాత లారీ, పెట్రోలు పంపులు. మెథడిస్టు చర్చి 1882లో కట్టింది. అందులో పది ఆజ్ఞలు రాసి వేలాడదీసిన గుడ్డని తర్వాతి రోజుల్లో ఎవరో దొంగిలించారట. దొంగతనం చేయకూడదని రాసి ఉన్న గుడ్డ అది. చదివి మనసు చివుక్కుమంది.

నాన్న సంగతి ఇప్పుడు చెప్పాలి. మాది కుప్పం వైపు. మా తాత కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు, నాన్న పుట్టిందీ పెరిగిందీ అక్కడి గని కార్మికుల లైను ఇళ్ళలోనే. తర్వాత టీచరుగా కుప్పం వచ్చేశారు. అందుకని బోడీలో మేం ఇళ్ళు చూస్తుంటే ఆయన మాత్రం కొండవైపు, రేకులతో కట్టిన పెద్ద మిల్లువైపు చూస్తూ నిలబడ్డారు. "అది స్టాంపు మిల్లు. రాయిని పొడిచేది" అన్నారు, పుస్తకం తెరవకముందే.

మిల్లు లోపలికి గైడు వెంట మాత్రమే పంపిస్తారు, దానికి వేరే టికెట్. వేసవిలోనే ఉంటుంది, ఆ రోజు టికెట్లు ఆ రోజే మ్యూజియంలో ఇస్తారు. మేం ఇళ్ళన్నీ చూసి తీరిగ్గా వెళ్దామనుకున్నాం, అప్పటికే వరస కట్టేశారు, మాకు దొరకదేమోనని కాసేపు టెన్షన్ పడ్డాం. లోపలికి రాగానే ముందు మ్యూజియంకి వెళ్ళి టికెట్ తీసుకోండి, మిగతా ఊరు ఎక్కడికీ పోదు.

ఆ టూరు గంట లోపే, కానీ ట్రిప్ మొత్తంలో అదే నాకు గుర్తుండిపోయింది. ఇరవై ఇనప రోకళ్ళు వరసగా, కింద దంచే గుంట. రాయిని నీళ్ళతో కలిపి మెత్తగా దంచి, ఆ బురదని పాదరసం పూసిన రాగి పలకల మీదుగా పారిస్తే బంగారం పాదరసానికి అతుక్కుంటుంది. ఆ ముద్దని కాచి పాదరసాన్ని ఆవిరిగా పంపేస్తే బంగారం మిగులుతుంది. తర్వాతి కాలంలో మిగిలిన మట్టిని సయనైడ్‌తో కడిగి ఇంకా రాబట్టారు. మిల్లు రాత్రీ పగలూ నడిచేదట, ఆ చప్పుడు ఊరంతా వినపడేదట. స్టాండర్డ్ కంపెనీ ఇరవై అయిదేళ్ళలో కోటిన్నర డాలర్ల దాకా తీసింది. గైడు చెప్తున్నది నేను తెలుగులో చెప్పబోతే నాన్న చెయ్యి ఊపి ఆపారు, ఆయనకి అక్కర్లేదు. పలకల దగ్గర నిలబడి వేలితో అంచు చూపిస్తూ పిల్లలకి తనే చెప్పడం మొదలుపెట్టారు. గనిలో రాక్ బరస్ట్ అయితే, అంటే లోతున ఒత్తిడికి రాయి ఒక్కసారిగా పేలితే, లైనులో ఇంటి అటకమీద గిన్నెలు గలగలలాడేవని, సైరన్ మోగితే మా నాయనమ్మ పొయ్యి దగ్గర పని ఆపేసి వాకిట్లోకి వచ్చి నిలబడేదని. ఇవి నాకూ ఎప్పుడూ చెప్పలేదు. నలభై ఏళ్ళలో నేను వినని మాటలు అవి.

కరెంటు సంగతి ఇంకొకటి. స్టాండర్డ్ కంపెనీవాళ్ళు 1892లో పదమూడు మైళ్ళ అవతల ఏటి నీళ్ళతో కరెంటు తీసి ఈ మిల్లుకి పంపారు, దేశంలో అంతదూరం కరెంటు పంపిన మొదటి ప్రయత్నాల్లో అదొకటి. మలుపు తిప్పితే కరెంటు జారిపోతుందేమోనని తీగలు తిన్నగా లాగారని కూడా చెప్పుకుంటారు. అది వినగానే నాన్న ఇంగ్లీషులో, "మాకు శివనసముద్రం జలపాతం నుంచి 1902లో వచ్చింది, తొంభై మైళ్ళు" అన్నారు. గైడు ఆగి, ఏ ఊరు, ఏ గని, ఎంత లోతు అని అడిగాడు. మూడు కిలోమీటర్లు దాటిందని చెప్తే మిగతా జనం కూడా నాన్నవైపు తిరిగారు. అయిదు నిమిషాలు ఆయనే గైడు. పాప ఆయన చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది, దాని మొహం చూడాలి!

మధ్యాహ్నం కారు దగ్గరికి వచ్చి ఇంట్లో కలిపి తెచ్చిన పులిహోర తిన్నాం. మళ్ళీ లోపలికి వెళ్ళినప్పుడు చిన్నది ఒకటి జరిగింది. బాబు నేలమీద దొరికిన చదరపు తుప్పు మేకు జేబులో వేసుకున్నాడు. అక్కడి వస్తువు ఏదీ, గాజుపెంకు కూడా, తీసుకోకూడదని నియమం. తీసుకెళ్ళినవాళ్ళని శాపం వెంటాడుతుందని ఒక నమ్మకం ఉంది, భయపడి వస్తువులు తిప్పి పంపినవాళ్ళ ఉత్తరాలు మ్యూజియంలో పెట్టారు. ఆ ఉత్తరాలు చెప్పి భయపెట్టబోయాను. నాన్న ఆపి వాడి పక్కన గొంతుక్కూర్చుని, "ఇది ఎవరో ఒకాయన కొట్టిన మేకు నాన్నా, ఆయన ఇల్లు ఇదే కదా" అన్నారు. వాడు దొరికిన చోటు వెతికి అక్కడే పెట్టి, పైన మట్టి కూడా కప్పాడు.

మూడున్నరకి బయటపడి మోనో సరస్సు, సౌత్ టూఫా వైపు వెళ్ళాం. పెద్దవాళ్ళకి తలా 3 డాలర్లు, మైలు నడక, చదునుగా ఉంటుంది, నాన్న సులువుగానే నడిచారు. నీళ్ళలోంచి సున్నపు గోపురాలు లేచినట్టు ఉంటాయి. అవి నీటి అడుగున ఊటలు వచ్చే చోట కట్టుకున్నవి. లాస్ ఏంజెలస్ 1941 నుంచి ఈ సరస్సుకి వచ్చే ఏర్లని మళ్ళించుకుంది, మట్టం నలభై అడుగులకి పైగా పడిపోయింది, అందుకే అవి బయటపడ్డాయి. 1994లో మట్టం 6,392 అడుగులకి చేర్చాలని రాష్ట్ర జల మండలి ఆదేశించింది, ఇంకా చేరలేదు. ఒడ్డున నల్లగా ఈగలు పరుచుకుని ఉంటాయి, మనిషి మీద వాలవు, అడుగు వేస్తే పాయలా తప్పుకుంటాయి. బాబు ఆ ఒడ్డున అటూ ఇటూ ఎన్నిసార్లు పరిగెత్తాడో. సూర్యుడు దిగేవేళ చాలా బావుంటుంది, కానీ తిరిగి వెళ్ళాలంటే ఒకటే రోజులో బోడీకి ఆరు గంటలు, దీనికి రెండు గంటలు పెట్టుకోండి, మూడోది ఇరికించకండి.

లీ వైనింగ్ చేరేసరికి ఎనిమిది. ఫోన్‌కి సిగ్నల్ రాగానే నాన్న నా ఫోన్ అడిగి తీసుకుని కుప్పంలో ఉన్న చిన్నాన్నకి చేశారు, అక్కడ ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. "ఒరే, ఇక్కడ మిల్లుని అట్లే పెట్టుకున్నారురా. రోకళ్ళు, పలకలు, అన్నీ. మనది 2001లో మూసేసినాక ఎవడైనా లోపలికి పోయి చూసినాడా? సయనైడ్ దిబ్బల కాడికి ఒకసారి పోయి ఫోటోలు తీసి పంపించు, పిల్లలకి చూపించాల."

చిన్నాన్న ఆ రోజే వెళ్తానన్నాడు.