కోఠిలో చవక '4కె' వీడియో కెమెరా కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

యూట్యూబ్ ఛానెల్ కోసమో, ఇంట్లో ఫంక్షన్ల కోసమో పది పదిహేను వేలలో వీడియో కెమెరా కావాలని కోఠి వైపు వెళ్తున్నవాళ్ళందరికీ చెప్తున్నాను. డబ్బా మీద '4కె, 48 మెగాపిక్సెల్, 18ఎక్స్ జూమ్, నైట్ విజన్' అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి, ఎన్నడూ వినని కంపెనీ పేరుంటే ఆ కెమెరా జోలికి వెళ్ళకండి. షాపు పేరు రాయడం లేదు. ఆ గల్లీలో తిరిగేవాళ్ళకి నేను చెప్పకపోయినా తెలుస్తుంది. అదే గల్లీలో నిజాయితీగా అమ్మేవాళ్ళూ ఉన్నారు, అందరినీ ఒకే గాటన కట్టడం లేదు. కానీ నాకు జరిగింది మీకు జరక్కూడదు. నిన్న సాయంత్రం నా కళ్ళముందే ఇంకొకరికి జరగబోయింది కాబట్టి ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

సంగతి క్లుప్తంగా చెప్తాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు వయసులో ఉన్నప్పుడు పద్య నాటకాలు ఆడేవారు. ఈసారి తిరునాళ్ళకి పాత బృందంలో మిగిలినవాళ్ళంతా మళ్ళీ కలిసి నాటకం వేస్తామన్నారు. హార్మోనియం వాయించే బాబాయికి ఎనభై దాటాయి. ఇంకోసారి వీళ్ళంతా ఒకే స్టేజీ మీదికి వస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు. అందుకే మంచిగా రికార్డు చేసి పెట్టాలనుకున్నాను. పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళని అడిగితే రాత్రంతా ఉండాలి కాబట్టి చాలా ఎక్కువ చెప్పారు. సొంత కెమెరా ఉంటే తర్వాత కూడా పనికొస్తుంది, చుట్టుపక్కల ఊళ్ళ కళాకారులనీ తీయొచ్చు అని కోఠి వెళ్ళాను.

షాపులో నా అవసరం పూర్తిగా చెప్పాను. రాత్రిపూట నాటకం, స్టేజీకి దూరంగా స్టాండు వేసి తీయాలి, పద్యాలు స్పష్టంగా వినిపించాలి, గంటల తరబడి ఆగకుండా నడవాలి అని. ఓనర్ అంతా విని, "సరిగ్గా దీనికోసమే ఉందన్నా ఈ పీస్" అని కౌంటర్ కింద నుంచి డబ్బా తీశాడు. 16 వేలు అని 14,500కి ఇచ్చాడు. మైకు, 64 జీబీ కార్డు 'ఫ్రీ' అన్నాడు. షాపు లైట్ల వెలుగులో కెమెరా చిన్న తెర మీద బొమ్మ బాగానే కనిపించింది. అరచేయంత కూడా లేని తెర మీద ఏ కెమెరా బొమ్మైనా బాగానే కనిపిస్తుందని ఇప్పుడు చెప్తున్నాను, గుర్తు పెట్టుకోండి.

ఆ రాత్రి రికార్డయింది ఎలా ఉందంటే, నాన్నగారి కిరీటం మీద అద్దాలు అతికించి ఉంటాయి, లైటు పడితే ఒక్కో అద్దం విడిగా మెరుస్తుంది. వీడియోలో కిరీటం మొత్తం ఒక తెల్లటి ముద్ద. జూమ్ చేసిన చోటల్లా ముఖం మీద రంగు, మీసం, కనుబొమ్మలు కలిసిపోయి నీళ్ళు పడ్డ వాటర్ కలర్ బొమ్మలా ఉన్నాయి. చెయ్యి ఊపితే చెయ్యి వెనక చెయ్యి. శబ్దం సంగతి ఇంకా ఘోరం. పద్యం చివర నాన్నగారు రాగం తీసి గొంతు పెంచగానే కెమెరా తనంతట తానే శబ్దాన్ని కిందికి లాగేస్తుంది, ఆయన ఊపిరి తీసుకునే క్షణంలో మళ్ళీ పైకి లేపుతుంది. అప్పుడు హార్మోనియం బెల్లోస్ ఆడే చప్పుడు, వెనక జనరేటర్ హోరు రాగం కంటే గట్టిగా వినిపిస్తాయి. 'ఫ్రీ' మైకు పెట్టినా అంతే. శబ్దం ఎంత ఉండాలో మనం చేత్తో పెట్టుకునే సెట్టింగే ఆ మెనూలో లేదు.

పద్య నాటకం చూసినవాళ్ళకి తెలుసు, బాగా పాడితే జనం 'వన్స్ మోర్' అంటారు. చాలా ఏళ్ళ తర్వాత నాన్నగారికి ఆ రాత్రి వన్స్ మోర్ పడింది. ఆయన మళ్ళీ అందుకుని, మొదటిసారి కంటే నిదానంగా, పెద్ద రాగంతో పాడారు. అది రికార్డు కాలేదు. కెమెరా మీద ఎర్ర లైటు మినుకుమినుకుమంటూనే ఉంది, తెర మీద సెకన్లు పరిగెడుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చి చూస్తే ఆ ముక్కకి ఫైలే లేదు. ఆ 'ఫ్రీ' కార్డుని తర్వాత కంప్యూటర్‌లో పరీక్షిస్తే 64 అని ముద్రించి ఉన్నా లోపల నిజంగా పట్టేది 16 జీబీ కూడా లేదు. నిండిపోయాక వచ్చినదంతా గాలికి పోయింది.

డబ్బు పోయినందుకు కాదు నా కోపం. షాపుకి తిరిగి వెళ్ళినప్పుడు వాళ్ళు మాట్లాడిన తీరుకి.

ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళి వీడియో చూపించాను. ఓనర్ రెండు సెకన్లు కూడా చూడలేదు. "కెమెరా మంచిదే అన్నా. తీసుడు రాకపోతే కెమెరా ఏం జేస్తది?" అన్నాడు. 4కె అని చెప్పి ఇచ్చారు కదా అంటే, "నేనేడ చెప్పిన? డబ్బా మీద రాసుంది, కంపెనీని అడుగు" అన్నాడు. కంపెనీ అడ్రస్ డబ్బా మీద ఎక్కడా లేదు. దిగుమతి చేసుకున్నవాళ్ళ పేరు లేదు, ఎంఆర్‌పీ లేదు. ఒక మూల తెల్ల స్టిక్కర్ అతికించి ఉంటే గోటితో గీకాను. దాని కింద చిన్న అక్షరాలతో 48 మెగాపిక్సెల్ పక్కన 'ఇంటర్‌పొలేటెడ్' అని, అంటే లెక్కలతో సాగదీసినది అని ఉంది. అంటే అసలు సంగతి డబ్బా మీదే ఉంది, దాని మీద కావాలనే స్టిక్కర్ వేసి కప్పారు. అది చూపించగానే ఆయన మొహం మారిపోయింది. బిల్లు ఇటియ్యి అన్నాడు. ఇచ్చాను. చూసి కౌంటర్ మీద పడేసి, "ఇది బిల్లు గాదు, ఎస్టిమేట్. దీనికి వారంటీ ఉండదు, వాపస్ ఉండదు" అన్నాడు. డబ్బులు తీసుకునేటప్పుడు అదే కాగితాన్ని "బిల్లు జాగ్రత్త అన్నా" అని నా చేతిలో పెట్టిన మనిషి ఈయనే.

నేను అక్కడే నిలబడి ఉండగానే ఒక కుర్రాడు, వాళ్ళమ్మ లోపలికి వచ్చారు. వంటల వీడియోలు తీయాలి, ఫోన్ పాతదైపోయింది, తక్కువలో కెమెరా చూపించండి అని ఆమే అడిగింది. ఓనర్ నా వైపు వీపు తిప్పి, కౌంటర్ కింద నుంచి అదే డబ్బా తీశాడు. "సరిగ్గా దీనికోసమే ఉందమ్మా ఈ పీస్." నాతో అన్న మాటే, అక్షరం పొల్లు పోలేదు. నా కెమెరా, నా ల్యాప్‌టాప్, పాడైపోయిన వీడియో ఇంకా అదే కౌంటర్ మీద ఉన్నాయి. ఒళ్ళు మండిపోయింది. "అమ్మా, ఇది కొనకండి, నేను తీసిన వీడియో చూడండి" అని ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాను. ఓనర్ వచ్చి ధడేల్‌మని దాన్ని మూసేశాడు. "బేరం ఖరాబ్ జేయకు, బయటికి నడువ్" అన్నాడు. పనిచేసే కుర్రాళ్ళు ఇద్దరూ వచ్చి నాకు అటూ ఇటూ నిలబడ్డారు. వయసులో నాకంటే చిన్నవాడు, ఏకవచనంలో, ఒక తల్లి ముందు ఆ మాట అన్నాడు. ఆమె మాత్రం కొడుకు చెయ్యి పట్టుకుని నాతోపాటే మెట్లు దిగింది. అంతవరకు సంతోషం.

ఇప్పుడు ఆ '4కె' సంగతి చెప్తాను, కొత్తవాళ్ళకి ఎవరూ చెప్పరు. 4కె బొమ్మ అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. మొత్తం 83 లక్షలు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920, 1080. అంటే దాదాపు 21 లక్షలు, నాలుగో వంతు. ఈ చవక కెమెరాల్లో సెన్సర్ మీద చుక్కలు ఉన్నా, లోపలి చిప్‌కి సెకనుకి 30 సార్లు అన్నింటినీ చదివే శక్తి ఉండదు. తక్కువ చుక్కలతో బొమ్మ తీసి, దాన్ని లెక్కలతో సాగదీసి 3840 సైజులో ఫైలు రాస్తుంది. చెంబుడు పాలలో నీళ్ళు కలిపి బిందెడు పాలు అని అమ్మడమే ఇది. ఫైలు వివరాలు చూస్తే 3840 అనే కనిపిస్తుంది, అందుకే మోసం బయటపడదు. 48 మెగాపిక్సెల్ అన్నదీ ఇలా సాగదీసిన లెక్కే. నా దాంట్లో అసలు సెన్సర్ 13 మెగాపిక్సెల్, సైజు 1/3.06 అంగుళం అని లోపలి పుస్తకంలో చివరి పేజీలో ఉంది. ఇప్పుడొచ్చే మామూలు ధర ఫోన్లు చాలావాటిలో సెన్సర్ దీనికంటే పెద్దది. సెన్సర్ చిన్నదైతే అందే వెలుగు తక్కువ, రాత్రి స్టేజీ మీద బొమ్మ ముద్దలు కట్టేది అందుకే. నైట్ విజన్ అనేది చీకట్లో నలుపు తెలుపు బొమ్మ కోసం పెట్టిన ఇన్‌ఫ్రారెడ్ లైటు, నాటకాలకీ ఫంక్షన్లకీ దానితో పనే లేదు.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. షాపులోనే గోడకి ఒక తెలుగు పేపరు అంటించమనండి. కదలకుండా పెట్టి ఒకసారి 1080లో, ఒకసారి 4కెలో తీయండి. సొంత కార్డు తీసుకెళ్ళి అందులోకే తీసి, ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూడండి. నిజమైన 4కె అయితే 1080లో చదవలేని చిన్న అక్షరాలు, ఒత్తులతో సహా కనిపిస్తాయి. రెండూ ఒకలాగే మసకగా ఉంటే అది సాగదీసిన బొమ్మ. ఒప్పుకోని షాపులో కొనకండి, అంతే.

జూమ్‌కి కూడా ఒక గుర్తు ఉంది. లెన్సు చుట్టూ ఉన్న రాత చూడండి. నిజమైన ఆప్టికల్ జూమ్ ఉంటే రెండు అంకెలు ఉంటాయి. సోనీ సీఎక్స్405 హ్యాండీక్యామ్ మీద 1.9 నుంచి 57 మిల్లీమీటర్లు అని ఉంటుంది, అంటే 30 రెట్లు గాజే దగ్గరికి తెస్తుంది. నా దాని మీద ఒకటే అంకె. అంటే జూమ్ లేదు. బొమ్మ మధ్య ముక్కని కత్తిరించి పెద్దది చేసి 18ఎక్స్ అంటున్నారు.

మరి ఏం కొనాలి అని అడిగితే, ఆ బడ్జెట్‌లో, నా దృష్టిలో అయితే, మీ దగ్గర ఉన్న ఫోన్‌కే మంచి మైకు, గట్టి స్టాండు కొనుక్కోవడం మేలు. పద్యాలో వంటలో ఏదైనా, చూసేవాళ్ళు కొంచెం మసక బొమ్మని భరిస్తారు, వినపడని మాటని భరించరు. దూరం నుంచి తీయాల్సినవాళ్ళు సెకండ్ హ్యాండ్‌లో పేరున్న కంపెనీ హ్యాండీక్యామ్ చూడండి. పైన చెప్పిన సీఎక్స్405లో బయటి మైకు పెట్టే సాకెట్ లేదు, అది తెలుసుకుని కొనండి. కానన్ 1500డి కెమెరాలో కూడా మైకు సాకెట్ లేదు, పైగా ఒక క్లిప్ 29 నిమిషాల 59 సెకన్లకి ఆగిపోతుంది. 200డి మార్క్ 2లో మైకు సాకెట్ ఉంది. కార్డు మాత్రం ఎవరు ఫ్రీగా ఇచ్చినా వాడకండి. విడిగా కొని, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నింపి చూశాకే ముఖ్యమైన పనికి వాడండి.

జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు ఇవ్వకపోతే డబ్బులు ఇవ్వకండి. దిగుమతి సరుకు డబ్బా మీద దిగుమతిదారు పేరు, అడ్రస్, తయారైన దేశం, ఎంఆర్‌పీ ఉండి తీరాలి, అది రూలు. 'వాపస్ ఉండదు' అంటే భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పే. బిల్లులో గడువు రాయకపోతే, లోపం ఉన్న వస్తువుని 30 రోజుల లోపు వెనక్కి తీసుకోకపోవడమూ తప్పే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు, నేను ఈరోజు పొద్దున ఫిర్యాదు ఇచ్చాను. వాళ్ళతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు లేదు, రెండేళ్ళ వరకు గడువు ఉంటుంది. నేను డబ్బులు ఫోన్‌లోనే పంపాను కాబట్టి ఆ రికార్డు ఉంది, ఎస్టిమేట్ కాగితం ఉంది, స్టిక్కర్ గీకిన డబ్బా అలాగే దాచాను. ఇదే కెమెరా, ఇదే గల్లీలో కొన్నవాళ్ళు ఉంటే మీ డబ్బాలు పారేయకండి. స్టిక్కర్ ఫోటో కావాలంటే అడగండి పంపిస్తాను, మీ దాని మీద కూడా అదే మూలన గీకి చూడండి.